ఎనిమిది వారాల గడి

"ఈ సున్నా ఎవరు పెట్టినారు?" అని అడిగింది పంకజాక్షి.

మునికుమార్ కంప్యూటర్ వైపు చూశాడు గాని ఆమె వైపు చూడలేదు. "ఆడ్నే ఉండాది గదా మేడం, లోహిత అని."

సోమవారం, జూన్ తొమ్మిది. ఉదయం పది ఇరవై. తిరుపతిలో కార్మిక ఆరోగ్య విభాగం ప్రాంతీయ కార్యాలయం, రెండో అంతస్తు. పంకజాక్షికి దొరికింది ఒక్క గంట. అది కూడా ప్రాంతీయ అధికారిణి హేమశ్రీ ఇచ్చింది. ఇక్కడ ఫారాలు కట్టే పని చేస్తూ చనిపోయిన లోహిత తల్లి నాగరత్నమ్మ రాసిన అర్జీని రెండుసార్లు చదివి, "సిస్టం ఇన్‌చార్జి మునికుమార్ అన్నీ చూపిస్తాడు. పదకొండున్నర లోపల ముగించండి" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

పంకజాక్షి చిత్తూరులో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై మూడేళ్ళయింది. తప్పిపోయిన మనుషుల కోసం, దొంగ సంతకాల కోసం జనం ఆమె ఇంటికి వస్తారు. వాకిట్లో బోర్డు లేదు. ఈ కేసుకి మాత్రం ఎవరూ ఆమెను పిలవలేదు. తనే నాగరత్నమ్మ ఇంటికి వెళ్ళి, "అర్జీ రాసియ్యి నాగరత్నా, నేను తిరుగుతాను" అని అడిగి తీసుకుంది.

"నాకు కంప్యూటర్ రాదప్పా. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. ఈ ఫారం సంగతేంది?"

మునికుమార్ గొంతు సవరించుకున్నాడు. నలభై దాటిన మనిషి. మాసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా. "సాఫ్ట్‌వేరు రాష్ట్రమంతా ఒకటే మేడం. కానీ యాడికి ఏం కావాల్నో ఆ ఫారం ఆడ్నే కట్టుకోవచ్చు. మనకాడ గ్రానైట్ ఫ్యాక్టరీలు జాస్తి. ఆరోగ్యం బండి ఫ్యాక్టరీకి పోతాది. నర్సు ఒక్కో మనిషికీ ట్యాబ్‌లో ఒక ఫారం నింపుతాది. పేరు, వయసు, ఎన్నేండ్లుగా పని, దగ్గుండాదా, ఎన్ని వారాలుగా. ఏ గడి ఉండాల, ఏ గడి నింపకుంటే ముందుకు పోగూడదు, ఏ జవాబొస్తే ఎవరికి కబురు పోవాల, అన్నీ లోహితే పెట్టింది. మే ఒకటో తేదీ మొదలైంది."

"దగ్గు గడికి ఏం పెట్టింది?"

"ఎనిమిది వారాలు దాటితే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడితే ఎక్స్‌రే చీటీ దానంతట అదే వస్తాది. ఒక ఫ్యాక్టరీలో పదిమందికి పడితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి నోటీసు పోతాది. పని ఆపించేదానికి కూడా ఆయనకి అధికారం ఉండాది."

"ఇప్పుడు గడిలో ఎంత ఉండాది?"

"ఎనభై."

ఎనభై వారాలంటే ఏడాదిన్నర. రాతిపొడి పీలుస్తూ ఏడాదిన్నర దగ్గిన మనిషికి ఎక్స్‌రే తీస్తే తెలిసేది ఇంకెన్నాళ్ళు బతుకుతాడన్న సంగతే.

తెర మీద వరుస స్పష్టంగా ఉంది. మే 14, బుధవారం, 11:47. నియమం మార్పు: 8 తీసి 80. మార్చినది: లోహిత.

"వేలు జారిందేమో మేడం. పని బాగా జేసే పాప. నాకూ బాధగానే ఉండాది." అతని కళ్ళు చెమర్చాయి. అది నటన కాదు. అదే పంకజాక్షికి అంతుపట్టలేదు.

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "చదువు."

"తిరుమల. ప్రత్యేక ప్రవేశ దర్శనం. మే 14... పదకొండు గంటల స్లాటు." అతని గొంతు తగ్గింది. "నాగరత్నమ్మ, లోహిత."

"దర్శనానికి పోయేటప్పుడు ఫోన్ ఏం జేస్తారు?"

"...డిపాజిట్ జేస్తారు."

"మీ సాఫ్ట్‌వేరు లోపలికి పోవాలంటే?"

"పేరు కొడితే ఓటీపీ వస్తాది."

"యాడికి?"

"ఫోన్‌కి."

"తల్లీకూతుళ్ళు కొండ దిగింది మూడుగంటల బస్సుకి. పదకొండూ నలభై ఏడుకి ఆ పాప క్యూలో, ఫోన్ డిపాజిట్ కౌంటర్లో. మరి ఆ ఓటీపీ ఎవరు చదివినారప్పా?"

"సిస్టంలో టైం తప్పుగా పడుంటాది."

"ఒకటి మార్చి సూపించు. ఏదైనా సరే."

అతను ఒక గడి పేరులో చుక్క తీసి, మళ్ళీ పెట్టాడు. తెర మీద 10:43 అని పడింది. గోడ గడియారంలోనూ అంతే.

"లోహిత పేరు మీద నొక్కు. ఓటీపీ ఏ నంబరుకి పోతాదో సూస్తాను."

నంబరు లోహితదే. కానీ పేజీ అడుగున సన్నటి అక్షరాలు రెండు వరుసలున్నాయి. పంకజాక్షి కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికి వంగింది. మొబైల్ నంబర్ సవరణ: మే 13, 18:20, అడ్మిన్. మొబైల్ నంబర్ సవరణ: మే 14, 12:09, అడ్మిన్.

"ముందురోజు సాయంత్రం నంబరు మార్చినారు. పని ముగించుకొని మరుసటిరోజు పన్నెండుకి మళ్ళా పాతది పెట్టినారు. అడ్మిన్ అంటే ఎవరు?"

"ఇద్దరం మేడం. నేను, హేమశ్రీ మేడం."

"ఇద్దర్లో ఎవరు?"

"ఈడ తెలీదు. హెడ్డాఫీసుకి రాయాల. మూడ్రోజులు పడతాది."

"అయితే రాయి. నా ముందరే."

రెండు వాక్యాల లేఖ. దానికి అతను మూడు కాగితాలు పాడుచేశాడు. పంకజాక్షి ఆ మూడింటినీ మడిచి సంచిలో వేసుకుంది.

"ఇంకొక్క ప్రశ్న. మే 19న లోహిత నీకొక లెటర్ ఇచ్చింది, నా పేరుతో ఎవరో ఫారం మార్చినారు, విచారించండి అని. తొమ్మిది రోజులకి నువ్వు ఆ పాపకే మెమో ఇచ్చినావు, తప్పు నీదే, సంజాయిషీ ఇయ్యి అని. ఎందుకు?"

ఇంతసేపూ నేల చూపులు చూస్తున్న మునికుమార్ తలెత్తాడు. "ఎవరు మేడం ఆ పాపకి రాసియ్యమని చెప్పింది? నోటితో చెప్పుంటే ఏదో ఒకటి జేసి సర్దుకునేవాళ్ళం. కాగితం ఇస్తే దానికి జవాబుండాల గదా. ఎవరో తెలిసినాళ్ళు చెప్పినారంట రాసియ్యమని. వాళ్ళు నోరు మూసుకోనుంటే ఆ పాప ఈ పొద్దు బతికుండేది."

పంకజాక్షి దర్శనం టికెట్ తీసుకుని లేచింది.

రాసియ్యమన్నది తనే.

మే 18, ఆదివారం. చిత్తూరులో లోహిత వాళ్ళది పంకజాక్షి వీధే, రెండిళ్ళ అవతల. పంకజాక్షి వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లోహిత నాలుగు కాగితాలు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. "ఆంటీ, మొన్న బండి ఒక ఫ్యాక్టరీకి పోయింది. నూటా పన్నెండు మంది. ఒక్కరికీ ఎర్ర గుర్తు పడలేదు. ఏందా అని సూస్తే నా ఫారం ఎవరో మార్చినారు. నా పేరుతోనే." పంకజాక్షి నవ్వింది. నవ్విన సంగతి ఇప్పుడు బాగా గుర్తుంది. "ఫారంలో సున్నా ఎక్కువైతే పోలీసోళ్ళేం జేస్తారు పాపా? మీ పైయాఫీసరుకి రాసియ్యి. కాగితం మీద పెడితే నీకే రక్ష." ఏ ఫ్యాక్టరీ, ఎవరికి లాభం, పైయాఫీసరు ఎట్లాంటివాడు, ఏదీ అడగలేదు. ముప్ఫై రెండేళ్ళు మనుషుల్ని ప్రశ్నలడిగి బతికిన మనిషి. "అట్లనే ఆంటీ" అని ఆ పిల్ల కాగితాలు మడుచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒకటీ నలభైకి పంకజాక్షి చిత్తూరు దాటి పలమనేరు రోడ్డులో ఆటో దిగి, వదిలేసిన గ్రానైట్ గుంట దగ్గరికి నడిచింది. పోలీసు రికార్డు ఆమెకు కంఠతా వచ్చు. మే 29, గురువారం. లోహిత ఇంట్లోంచి బయల్దేరింది నాలుగూ పదికి. అయిదున్నరకి వాచ్‌మన్ స్కూటర్‌ని చూశాడు. మర్నాడు పొద్దున ఏడింటికి నీళ్ళలో శవం. ఒడ్డున బండ మీద చెప్పులు జతగా ఉన్నాయి. హ్యాండ్‌బ్యాగులో మెమో. సీఐ ఢిల్లీబాబు ఆత్మహత్య అని రాశాడు.

స్కూటర్ ఆపిన చోటి నుంచి బండకి ముప్ఫై రెండు అడుగులు వేసింది. బండ అంచు నుంచి నీళ్ళకి రెండు మనుషుల లోతు. దిగడానికి దారి లేదు. చుట్టూ పేరుకున్నవి బూడిదరంగు రాతి ముక్కలు, ఖాళీ సీసాలు, పాన్ పొట్లాలు. పదకొండు రోజుల తర్వాత అడుగుజాడల కోసం వెతకడం దండగ. పోలీసు ఫోటోలో చెప్పులున్న చోట, ఎండకి కాలుతున్న బండ మీదే కూర్చుంది. కూర్చున్న మనిషికి ఏం కనిపిస్తుందో నిలబడ్డ మనిషికి కనిపించదు.

ఎడమచేతి పక్కన బండలో బెత్తెడు నెర్రె ఉంది. ఆ నెర్రెలో ఎర్ర ఇటుక ముక్క.

అంతా గ్రానైటే ఉన్న చోట ఇటుక ఒక్కటే. ఎవరో ఏరుకొచ్చి పెట్టారు. పంకజాక్షి రుమాలుతో దాన్ని ఎత్తింది. కింద ప్రభుత్వ ఆసుపత్రి చిన్న కాగితం కవరు. నీలం పెన్నుతో 29/5 అని తేదీ, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు. లోపల దగ్గు మాత్రల పట్టీ. లెక్కపెట్టింది. పదికి పదీ ఉన్నాయి.

వెనకాల జీపు ఆగిన చప్పుడైంది.

"ఏం మేడం, రిటైరైనా డ్యూటీ మానలేదా?" ఢిల్లీబాబు టోపీ పెట్టుకుంటూ దిగాడు. పదిహేనేళ్ళ కింద కొత్త ఎస్‌ఐగా వచ్చినప్పుడు పంచనామా రాయడం అతనికి నేర్పింది పంకజాక్షే. "వాచ్‌మన్ ఫోన్ జేసినాడు, ఎవరో ఆడమనిషి వచ్చి గుంట కాడ కూర్చోనుంది, దూకుతాదేమో అని."

"ఇది సూడు బాబూ."

అతను కవరు తిప్పి చూసి ఇచ్చేశాడు. "ఫ్యాక్టరీ రెండు కిలోమీటర్లే. ఇట్లాంటి కవర్లు ఈడ వందుంటాయి."

"వందుంటాయి. ఎగిరిపోకుండా ఇటుక కింద పెట్టింది ఇదొక్కటే. మళ్ళా తీసుకుందామనే గదా పెట్టినాడు? ఆ రాత్రి వేసుకోవాల్సిన మాత్ర కూడా అట్లే ఉండాది. దగ్గి దగ్గి ఆసుపత్రికి పోయొచ్చినోడు మందు ఈడ పారేసి పోతాడా?"

"మర్సిపోయుంటాడు."

"మర్సిపోతే మరుసటిరోజు వస్తాడు. గజఈతగాళ్ళని ఇంకొకసారి దించు."

"ఎవరికోసం?"

"పేరు తెలిస్తే నిన్ను అడుక్కునే అవసరం నాకేముంది?"

ఢిల్లీబాబు నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మేడం, ఒక మాట చెప్తాను, ఏమనుకోవద్దండి. ఆ పాప ఫోన్ నుంచి ఆఖరి కాల్సు మూడు. నాలుగూ రెండు, అయిదూ యాభై ఒకటి, అయిదూ యాభై మూడు. మూడూ మీకే పోయినాయి. మూడూ మీరెత్తలేదు. కేసు డైరీలో మీ పేరు నేను రాయలేదు, ఎందుకంటే మీరు నాకు పని నేర్పించినారు. మీరు యెతికేది హంతకుణ్ణి కాదు. తప్పు మీది కాకుండా ఇంకెవరిదైనా అయితే బాగుండునని యెతుకుతా ఉండారు."

ఎండలో లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అవును" అంది పంకజాక్షి. "ఫోన్ పక్కనే ఉండింది బాబూ. పేరు సూసినాను. మళ్ళా ఆ సున్నా సంగతే గదా, రాత్రికి మాట్లాడొచ్చులే అని బోర్లించి పెట్టినాను. ఇది నీకే కాదు, ఆ తల్లికీ చెప్పినాను." ఆమె బండ మీంచి లేచింది. "కానీ ఒకటి చెప్పు. అయిదున్నరకి దూకిందని నువ్వు రాసినావు. అయిదూ యాభై మూడుకి నాకు ఫోన్ చేసిందెవరు?"

ఢిల్లీబాబు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అయిదున్నర అనేది వాచ్‌మన్ చెప్పిన టైం."

"సావాలని వచ్చిన పిల్ల రెండు నిమిషాల్లో రెండుసార్లు ఫోన్ జేస్తాదా? ఎవరో వస్తా ఉండారు. అది సూసి చేసింది."

అతను జీపు వైపు తిరిగాడు. వెనక సీటులో సీలు వేసిన గోధుమరంగు కవరు ఆమె కంటపడింది.

"అదేంది?"

"ట్యాబ్. స్కూటర్ డిక్కీలో ఉండింది. ఆఫీసు సొత్తు గదా, తిరుపతికి పంపుతా ఉండాను. ఆ మునికుమార్ రెండు లెటర్లు పెట్టినాడు, తొందరగా పంపండని."

"తెరిసి సూసినావా?"

"ఛార్జి లేదు."

"ఢిల్లీబాబూ..." అని ఆగిపోయింది. తిట్టడానికి నోరు రాలేదు. తను ఫోన్ బోర్లించింది, ఇతను ట్యాబ్‌ని పక్కన పడేశాడు. ఇద్దరికీ అదే కారణం. ఫారాలంటే ఎవరికీ లెక్కలేదు.

అతనేమనుకున్నాడో, కానిస్టేబుల్‌ని పిలిచి సీలు తీయించి, కాగితం మీద సమయం రాయించి, జీపు ఛార్జర్‌కి ట్యాబ్ తగిలించాడు. రెండూ ముప్ఫై అయిదుకి తెర వెలిగింది. బండిలో తిరిగే నర్సులు మార్చిమార్చి వాడే ట్యాబ్ కావడంతో తాళమేమీ లేదు.

"పంపనివి పద్నాలుగు" అని చదివాడు ఢిల్లీబాబు. "పైన పేరు సూడండి. దగ్గు ఫారం ఎనిమిది. ఇంకా విడుదల చేయలేదు అని ఉండాది."

ఎనిమిది అంటే ఆ ఫారం ఎనిమిదో కూర్పు; ఆఫీసులో నడుస్తున్నది ఏడోది, ఎనభై వారాలది. ఇది లోహిత తనంతట తాను కట్టుకున్నది. ఇందులో గడువు మళ్ళీ ఎనిమిది. కింద కొత్త గడులున్నాయి. దగ్గు సంగతి ఫ్యాక్టరీలో చెప్పారా? ఇంట్లో ఎవరికి చెప్పారు? వాళ్ళు ఏమన్నారు? ఆ పిల్ల సెలవురోజుల్లో, సాయంత్రాల్లో తిరిగి పద్నాలుగు మందిని అడిగి నింపింది. పంకజాక్షికి ఆమె చెప్పాలనుకున్నదంతా ఇదే. చెప్పడానికి వచ్చినప్పుడు పంకజాక్షి వినలేదు గనక వాంగ్మూలాలు ఆ పిల్లే తీసుకుంది. పద్నాలుగు వరుసలూ ఎర్రగా ఉన్నాయి.

చివరిది భద్రపరిచిన సమయం మే 29, 17:48.

ఢిల్లీబాబు గట్టిగా చదివాడు. "పేరు మునిప్రసాద్. తండ్రి గురప్ప. వయసు ముప్ఫై నాలుగు. కోత మిషన్ మీద తొమ్మిదేండ్లు. దగ్గు అరవై రెండు వారాలు. ఇంట్లో ఎవరికి చెప్పినారు..." అతని గొంతు నెమ్మదించింది. "మా అన్న మునికుమార్‌కి. అన్న ఆ ఆఫీసులోనే పనిజేస్తాడు. వాళ్ళేమన్నారు? దుమ్ముకి వస్తాది, పోతాదిలే అన్నాడు."

అయిదూ నలభై ఎనిమిదికి ఈ బండ మీద లోహిత పక్కన మునికుమార్ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. మందు కవరు అతనిదే. ఫారం ముగించి లోహిత ట్యాబ్‌ని డిక్కీలో పెట్టి వచ్చింది. మూడు నిమిషాలకి పంకజాక్షికి ఫోన్ చేసింది.

"దించుతావా లేదా?"

ఢిల్లీబాబు చెయ్యి చాచాడు. "ఆ కవరు ఇట్లియ్యండి" అని తీసుకుని, దానికీ ఒక సీలు వేయించాడు.

పంకజాక్షి మళ్ళీ తిరుపతి ఆఫీసు మెట్లెక్కేసరికి అయిదూ అయిదు. గదిలో మునికుమార్ ఒక్కడే ఉన్నాడు. ఆమెని చూసి ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"నీకు తమ్ముడున్నాడా మునికుమార్?"

"ఉండాడు."

"యాడ?"

"వేలూరు ఆసుపత్రిలో. ఫ్యాక్టరీవాళ్ళే చేర్పించినారు."

పంకజాక్షి నోట్‌బుక్ తీసి, రాసుకొచ్చిన వరుస మొత్తం చదివింది. ఎక్కడా గొంతు పెంచలేదు. దుమ్ముకి వస్తాది, పోతాదిలే అన్న మాట దగ్గర అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"వాడే అడిగినాడు మేడం" అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. "నా తమ్ముడే. కొత్త ఫారం వస్తే మా ఫ్యాక్టరీ మూస్తారంట, మేనేజరు చెప్పినాడు, మా ఊరోళ్ళు అరవైమంది ఉండాము, అందరం యాడికి పోవాల అన్నా, నువ్వు ఆ ఆఫీసులో ఉండి ఏం లాభం అని ఏడ్చినాడు. ఒక్క సున్నా గదా అనుకున్నాను. రెండు నెలలు పోనిచ్చి నేనే తీసేస్తాను అనుకున్నాను. నా రెండో సిమ్ము నంబరు పెట్టి, ఆ పాప పేరుతో లోపలికి పోయినాను."

"తమ్ముడికి దగ్గుందని తెలిసీనా?"

"దుమ్ములో పనిజేసే ప్రతోడికీ ఉంటాది గదా మేడం. మా నాయనకీ ఉండింది."

"మీ నాయన ఏమైనాడు?"

ఆ ప్రశ్న ఇప్పటిదాకా తనను తాను అడుక్కోలేదని అతని మొహం చూస్తే తెలిసింది.

"మే పదహారున బండి ఆ ఫ్యాక్టరీకి పోయింది" అంది పంకజాక్షి. "గడిలో ఎనిమిదే ఉండుంటే ఆ పొద్దే నీ తమ్ముడి చేతికి ఎక్స్‌రే చీటీ వచ్చుండేది. సరే, ఇరవై తొమ్మిదో తేదీ సంగతి చెప్పు."

"బండి వచ్చిపోయిన వారానికి వాడితో పనిజేసే ఒకాయన సచ్చిపోయినాడు. దగ్గే. అప్పట్నుంచి వాడికి నిద్ర లేదు. ఇరవై తొమ్మిదిన మూడు గంటలకి ఫోన్ జేసినాడు. అన్నా, లోహిత మేడం వస్తా ఉండాది, ఫ్యాక్టరీ కాడ మాట్లాడితే సూస్తారని గుంట కాడికి రమ్మనింది, నేనంతా చెప్పేస్తాను, నువ్వు సున్నా పెట్టింది గూడా చెప్పేస్తాను, నన్ను క్షమించు అన్నాడు. వద్దురా అన్నాను. ఇన్లేదు."

"అప్పుడు నువ్వేం జేసినావు?"

"ఒక్క ఫోన్ జేసినాను మేడం." ఇప్పుడతను ఏడవడం లేదు. "మేనేజరుకి. నా తమ్ముడు తొందరపడతా ఉండాడు, మీరు పోయి నచ్చజెప్పి పిలుచుకొని పోండి అన్నాను. అంతే. మరుసటిరోజు లోహిత సంగతి తెలిసి మళ్ళా ఫోన్ జేసినాను. మేం పోయేతలికే ఆ పాప దూకేసింది, నీ తమ్ముడు అది సూసి జడుసుకొని రక్తం కక్కినాడు, వేలూరులో చేర్పించినాం, ఐసీయూలో ఫోన్ ఇయ్యరు అన్నాడు."

"పోయి సూసొచ్చినావా?"

"రెండుసార్లు బస్టాండు దాకా పోయినాను. వాడి మొహం యెట్ల సూడాల్నో తెలీక ఎనక్కి వచ్చేసినాను." బల్ల సొరుగు లాగి ఒక ప్లాస్టిక్ సంచి బయటకి తీశాడు. అందులో కొత్త లుంగీ, తువ్వాలు, ఒక హార్లిక్స్ సీసా. "ఈ పొద్దు ఏదేమైనా పోవాల అనుకున్నాను. మీరు పొద్దున వచ్చి పోయినాక కొనుక్కోనొచ్చినాను. ఆరూ పదికి బస్సు ఉండాది. వాణ్ణి ఒకసారి సూసి, మీరు యాడికి రమ్మంటే ఆడికి వచ్చి అంతా రాసిస్తాను. ఈ ఒక్క రాత్రి నన్ను ఇడిసిపెట్టండి మేడం."

పొద్దున ఇతని కన్నీళ్ళు ఎందుకు నిజమైనవో పంకజాక్షికి ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు సంతోషం లేదు. మే 18న ఆ మెట్టు మీద కూర్చున్న పిల్లని 'మీ పైయాఫీసరు ఎవరు పాపా' అని ఒక్కమాట అడిగి ఉంటే, తను ఇదే కుర్చీలో ఇతని ముందు కూర్చుని ఉండేది. ఇద్దరు ప్రాణాలతో ఉండగానే.

ఇద్దరు అనుకుని, ఆ మాటకి తనే ఉలిక్కిపడింది. ఇంకా ఏదీ తేలలేదు.

బల్ల మీద ఫోన్ మోగింది. ఢిల్లీబాబు. అయిదూ ముప్ఫై రెండు.

"అక్కా" అన్నాడు. పదిహేనేళ్ళ కింద అట్లా పిలిచేవాడు. వెనకాల మనుషుల అరుపులు, మోటారు చప్పుడు. "దించినాను. ముగ్గురు దిగినారు. నలభై అడుగుల లోతులో దొరికినాడు. నడుముకి క్రేన్ వైరు కట్టి, వైరుకి గ్రానైట్ దిమ్మె కట్టినారు. అందుకే తేలలేదు. చొక్కా జేబులో ఫ్యాక్టరీ కార్డు ఉండాది. పేరు చదవమంటారా?"

"వద్దు."

"ఫ్యాక్టరీకి మనిషిని పంపితే మేనేజరు మధ్యాహ్నం నుంచి కనిపించడం లేదన్నారు. చెక్‌పోస్టులకి చెప్పినాను. ఆ సున్నాతో లాభం ఫ్యాక్టరీకే గదా, మేనేజర్ని పట్టియ్యగలిగేది ఇప్పుడు ఆ అన్న సాక్ష్యమొకటే. అది వాళ్ళకీ తెలుసు. ఆయన మీ కాడ్నే ఉండాడా?"

"ఉండాడు."

"ఒంటరిగా బయటికి పోనీయొద్దండి. తిరుపతి వాళ్ళకి చెప్పినాను, పది నిమిషాల్లో జీపు వస్తాది. మీరు కదలొద్దు."

ఫోన్ పెట్టేసింది. మునికుమార్ ఆమె మొహంలోకి ఆశగా చూస్తున్నాడు. ప్లాస్టిక్ సంచి ఒళ్ళో పెట్టుకుని, హార్లిక్స్ సీసా ఒరిగిపోకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరు మేడం? వేలూరు నుంచా?"

పంకజాక్షి లేచి వెళ్ళి తలుపు గడియ వేసింది. కుర్చీని బల్ల ఇవతలికి లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"కాదు మునికుమార్" అంది. "గుంట కాడి నుంచి."